పదిహేను డిగ్రీల రోజు

గ్యాసు మీటరు చూసి రావడానికి తాతబ్బాయిని పదిహేను డిగ్రీల రోజులోకి పంపుతున్నారు కాబట్టి, మంగాయమ్మ సంచిలో అన్నిటికంటే అడుగున స్వెట్టరు పెట్టింది. కృత్తిక కార్తె నడుస్తోంది. ఏటిగరువు క్వార్టర్లలో కిటికీ ఊచలు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. స్వెట్టరు కరెంటు తయారయ్యే కేంద్రం స్టోర్సులోంచి ఇచ్చారు. నీలం రంగుది, మోచేతి దగ్గర చిమ్మట కొట్టింది. దాని మీద రెండు జతల బట్టలు, గళ్ళ లుంగీ, తువ్వాలు, పళ్ళపొడి, మూతకు గుడ్డ కట్టిన ఆవకాయ సీసా సర్దింది. అన్నిటి పైనా తమలపాకులు. అన్నం తిన్నాక రెండాకులు నమలకపోతే తాతబ్బాయికి తిన్నట్టు ఉండదు. ఆకులు వాడిపోకుండా ఆమె పాత చీర కొంగు చింపి, కుండనీళ్ళలో తడిపి, పిండి, వాటికి చుట్టింది. వాళ్ళమ్మ అలాగే చేసేది, అత్తగారూ అలాగే చేసేది. ఊరికి వెళ్ళే మనిషి సంచిలో తడిగుడ్డ చుట్టిన ఆకులు పెట్టని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు.

"అక్కడ మంచినీళ్ళుంటాయంటారా?" అని అడిగింది.

"ఉంటాయే. లెక్కలో రాసినవన్నీ ఉంటాయి. రాయనివే ఉండవు" అన్నాడు తాతబ్బాయి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"మరి ఎప్పటికొస్తారు?"

"మీటరు చూసి రావడమే కదా. సాయంత్రానికి వచ్చేస్తాను. పెరుగు తోడెయ్యి."

ఏటిగరువు కేంద్రంలో ఉన్నది గ్యాసుతో తిరిగే టర్బైను. బయటి గాలిని పీల్చుకుని, గ్యాసును మండించుకుని కరెంటు ఇస్తుంది. ఎండాకాలంలో దానికీ మనుషుల్లాగే ఆయాసం. వేడెక్కిన గాలి పలచబడుతుంది. పలచటి గాలితో యంత్రం తక్కువ పని చేస్తుంది, చేసిన కాస్త పనికీ ఎక్కువ గ్యాసు తాగుతుంది. ఇంత కరెంటుకు ఇంతే గ్యాసు తాగుతుందని అమ్మినవాళ్ళు మాట ఇచ్చారు. ఆ మాట చెల్లేది వేడి పదిహేను డిగ్రీలు, గాలి ఒత్తిడి సముద్రపు ఒడ్డున ఉండేటంత, గాలిలో తేమ అరవై శాతం ఉన్న రోజున మాత్రమే. ఏటిగరువులో అటువంటి రోజు ఇంతవరకు రాలేదు. అందుకని కేంద్రంలో దిద్దుబాటు విభాగం ఉంది. మీటరు చూపిన గ్యాసును ఏ రోజుకారోజు అక్కడ దిద్దుతారు. ఇవాళ ఇవాళ కాకుండా పదిహేను డిగ్రీల రోజై ఉంటే యంత్రం ఎంత గ్యాసు తాగి ఉండేదో, దిద్దిన అంకె చెబుతుంది. పై కార్యాలయానికి వెళ్ళేది ఆ అంకే. నిజంగా తాగిన గ్యాసు సంగతి పైవాళ్ళు అడగరు.

ఈ ఏడు పైవాళ్ళకు ఒక అనుమానం వచ్చింది. పదిహేను డిగ్రీల రోజును ఎవరూ కంటితో చూడకుండానే దాని లెక్క ఎలా వేస్తున్నారని అడిగారు. అనుమానం సబబైనదే. ఒక మనిషిని ఆ రోజులోకి పంపి, అక్కడి మీటరు చూసి చెప్పించమని ఉత్తర్వు వచ్చింది. దారి కొత్తగా వెయ్యనక్కర్లేదు. టర్బైను గాలి పీల్చుకునే చోట దుమ్మును ఆపే వడపోత గది ఉంటుంది. అందులో గుడ్డ గొట్టాలు వరసగా వేలాడుతుంటాయి. వాటి వెనక చిన్న ఇనుప తలుపు. తలుపు అవతల పదిహేను డిగ్రీల రోజు ఉన్నట్టు కేంద్రం కట్టిన నాటి పటాల్లోనే గుర్తు పెట్టారు. ఇన్నాళ్ళూ ఎవరికీ అటు వెళ్ళే పని పడలేదు, అంతే. తాతబ్బాయి ఆ మీటర్ల దగ్గరే తల నెరిసినవాడు. పైగా చలికి దగ్గు రానివాడు. ఆయన్ని ఎంపిక చేశారు.

వడపోత గది బయటి తలుపు దగ్గర కాపలా ఉండేది వాచ్‌మన్ నూకరాజు. అతను నిలబడే చోట నీడ లేదు. టోపీ కింద తడిపిన రుమాలు పెట్టుకుని నిలబడేవాడు.

"ఏం బావగారూ, మీరొక్కరే సలికాలం సూసొచ్చేత్తారా?" అన్నాడు నూకరాజు. "మాక్కూడా ఓ ముక్క కోసుకు రండి."

"తెస్తాలే. ఏ సైజు?"

"నెత్తి మీద ఎట్టుకోడానికి సరిపడా."

దిద్దుబాటు విభాగం అధికారి సోమయాజులు స్వయంగా వచ్చి సంచి తనిఖీ చేయించాడు. బయటి వేడి లోపలికి పోకూడదు కాబట్టి బట్టలు దులిపారు. ఆవకాయ సీసా వేడిగా ఉందేమోనని తడిమి చూశారు. గుడ్డ చుట్టిన మూట చూసి సెక్యూరిటీ మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమ్మవారి గుడి నుంచి తెచ్చిన పూజసామాను అనుకుని, బూట్లు వేసుకుని ముట్టుకోవడం ఎందుకని వదిలేశాడు. సోమయాజులు కూడా దణ్ణం పెట్టుకుని సంచి మూయించాడు. తాతబ్బాయి స్వెట్టరు తొడుక్కుని, చెమటలు కక్కుతూ తలుపు దాటాడు. దాటిన చోటే చెమట ఆగింది.

మొదటి అంకె ఆ మధ్యాహ్నమే కంట్రోల్ రూమ్ ఫోనులో వచ్చింది. అమ్మినవాళ్ళు ఎంత చెప్పారో యంత్రం అక్కడ అంతే గ్యాసు తాగుతోంది. చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు. పై కార్యాలయం అభినందనలు పంపింది. ఇంత చక్కటి అంకెలు పంపే మనిషిని ఒక్క రీడింగుకే వెనక్కి పిలవడం తొందరపాటు అవుతుందని, ఇంకొన్ని చూడనివ్వమని కూడా రాసింది. మంగాయమ్మ తోడేసిన పెరుగు మర్నాటికి పులిసింది. మళ్ళీ తోడేసింది.

ఒకసారి పద్ధతి కుదిరాక దాన్ని యంత్రానికే పరిమితం చెయ్యడానికి కారణం కనబడలేదు. యంత్రం తిండిని పదిహేను డిగ్రీల దగ్గర లెక్కగడుతూ, దాన్ని నడిపే మనుషుల్ని నలభై నాలుగు డిగ్రీల దగ్గర లెక్కగట్టడం పక్షపాతమని పై కార్యాలయం అభిప్రాయపడింది. కేంద్రం ప్రహరీ లోపల ఉన్నవారందరినీ దిద్దుతున్నట్టు నోటీసు బోర్డు మీద అంటించారు. పదిహేను డిగ్రీల్లో ఫ్యాను అక్కర్లేదు కాబట్టి ఫ్యాన్లు విప్పి స్టోర్సులో పెట్టారు. గేటు దగ్గర నిమ్మసోడా బండిని పంపేశారు. చెమటను స్థానిక పరిస్థితిగా పరిగణించి, తుడుచుకోవడానికి డ్యూటీ మధ్యలో అనుమతి తీసేశారు. క్యాంటీన్‌లో మజ్జిగ ఆపి వేడి వేడి ఉలవచారు పోశారు. అందరికీ నీలం స్వెట్టర్లు వచ్చాయి. మొదటి వారం జనం నవ్వుకున్నారు. రెండో వారానికి, స్వెట్టరు లేకుండా వచ్చినవాళ్ళను చలికి తట్టుకోలేరేమోనని ఇంటికి పంపడం మొదలుపెట్టాక, నవ్వడం మానేసి తొడుక్కున్నారు.

రోహిణి కార్తెలో నూకరాజు తలుపు దగ్గర నిలబడిన చోటే పడిపోయాడు. స్వెట్టరు విప్పేసరికి ఒళ్ళు కాగుతున్న పెనంలా ఉంది. ఆస్పత్రికి చేర్చేలోపు పోయాడు. శవాన్ని క్వార్టర్ల ముందు దింపినప్పుడు మంగాయమ్మ అక్కడే ఉంది. నూకరాజు భార్య పోలమ్మ గొంతు పోయేలా ఏడ్చి ఏడ్చి ఆగింది. అప్పుడు సోమయాజులు వచ్చాడు. మంచి మనిషి, మెట్ల కింద చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చాడు.

"అమ్మా, వడదెబ్బ అని ఎక్కడా అనకు. పదిహేను డిగ్రీల్లో వడదెబ్బ తగలదు."

"తగిలిందండి బాబూ. సూడండి ఎలా కమిలిపోయాడో."

"ఇక్కడ తగిలింది. దిద్దితే తగల్లేదు. దిద్దిన లెక్కలో నూకరాజు డ్యూటీలో ఉన్నాడు."

పోలమ్మ కళ్ళు తుడుచుకుని, పాడె వంక ఒకసారి, ఆయన వంక ఒకసారి చూసింది. "మరైతే ఈడెవుడండీ?"

"ఇతను దిద్దని నూకరాజమ్మా" అన్నాడు సోమయాజులు నెమ్మదిగా. "ఇతని సంగతి పైవాళ్ళు అడగరు."

దిద్దని నూకరాజును ఆ సాయంత్రమే ఏటి ఒడ్డున కాల్చారు. దిద్దిన నూకరాజు మర్నాడు డ్యూటీ ఎక్కాడు. హాజరు పిలిచినప్పుడు పక్కవాడు అతని తరఫున "ఉన్నానండి" అన్నాడు. డ్యూటీలో ఉన్న మనిషికి దినం చెయ్యడానికి కేంద్రం హాలు ఇవ్వలేదు. మధ్యాహ్నం క్యారేజీ ఎందుకు రాలేదని గేటు నుంచి కబురు వచ్చింది. పోలమ్మ రెండు రోజులు పంపలేదు. మూడో రోజు పంపింది. క్యారేజీ ఖాళీగా, కడిగి తిరిగొచ్చింది. ఎవరు తిన్నారని ఆమె అడగలేదు.

దీని తర్వాత మంగాయమ్మకు నిద్ర పట్టలేదు. తలుపు ఇవతల ఉన్న మనిషినే ఇలా దిద్దేస్తే, అవతల ఉన్న మనిషిని ఏం చేస్తారోనని భయం పట్టుకుంది. దిద్దుబాటు విభాగానికి వెళ్ళి నిలబడింది. సోమయాజులు స్వెట్టరు గుండీలు మెడదాకా పెట్టుకుని, నుదుటి మీది చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోకుండా కూర్చున్నాడు.

"ఆయన్ని ఎప్పుడు పంపిస్తారండి?"

"నేనే నీకు కబురు చేద్దామనుకుంటున్నానమ్మా. అక్కడ తేమ అరవై ఒకటి చూపిస్తోంది. ఒక శాతం ఎక్కడి నుంచో వచ్చింది. ఊపిరి తేమ కాదు, ఊపిరికి కొంత ముందే లెక్కలో మినహాయించాం. సంచిలో తడిది ఏమన్నా పెట్టావా?"

"ఆకులకి గుడ్డ చుట్టానండి. వాడిపోతాయని."

"తడిగుడ్డా?"

"పిండానండి. గట్టిగానే పిండాను."

సోమయాజులు ఆమెను ఒక్క మాట అనలేదు. ఆయన ఇంట్లోనూ ఆకులు అలాగే చుడతారు. ఉన్న సంగతి మాత్రం చెప్పాడు. ఆ గుడ్డలోని తడిని అక్కడి గాలి తీసుకుంది. గాలి దాన్ని మళ్ళీ గుడ్డకు తిరిగి ఇచ్చేదాకా తలుపు తెరిస్తే లెక్క చెడిపోతుంది. ఆరిన గుడ్డ దానంతటది తడవాలి. అక్కడ మంచు పడదు, వాన రాదు, రాత్రి అవదు. అయినా ప్రయత్నిస్తున్నారు. గుడ్డను చేతిలో పట్టుకుని కదలకుండా కూర్చోమని తాతబ్బాయికి చెప్పారు.

మంగాయమ్మ ఇంటికి వెళ్ళి ఆలోచించింది. గాలిలో ఎక్కువైన తడిని పీల్చుకోవడానికి పొడిగుడ్డ ఒకటి లోపలికి పంపితే సరిపోతుంది కదా అనిపించింది. అదే చీరలో మిగిలిన ముక్కను ఉతికి, డాబా మీద రోహిణి ఎండలో ఆరేసింది. అది అప్పడంలా పెళుసుబారి, మడత పెడితే చప్పుడు చేసింది. ఇంకా నమ్మకం చాలక మర్నాడు కూడా ఎండబెట్టి, ఇత్తడి డబ్బాలో పెట్టి మూత బిగించి పట్టుకెళ్ళింది.

సోమయాజులు గుడ్డను చేత్తో తడిమి, మెచ్చుకోలుగా తలాడించాడు. తర్వాత దిద్దుబాటు పట్టిక తీశాడు. "దీన్ని ఎక్కడ ఆరేశావమ్మా?"

"డాబా మీదండి."

"ఎంత ఎండలో?"

"నలభై ఆరంటున్నారండి."

ఆయన కాసేపు లెక్క వేశాడు. పెన్ను కింద పెట్టి, డబ్బా మూత వేసి ఆమె వైపు జరిపాడు. "పదిహేను డిగ్రీల దగ్గర ఈ గుడ్డ ఇంకా ఆరలేదమ్మా."

ఆమె ఆ గుడ్డను ఇంటికి తెచ్చి అలాగే డబ్బాలో ఉంచింది.

మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక పై కార్యాలయం దయ తలచింది. ప్రమాణం అన్నది తప్పు కాజాలదు కనుక, ఆ రోజులో ఇప్పుడు ఎంత తేమ ఉంటే అదే అరవై అని నిర్ణయించారు. అరవై ఒకటి అన్న అంకె ఇకపై అక్కడ వర్తించదు. ఈ కబురు విని మంగాయమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. బయల్దేరే ముందు పాలు కాచి పెరుగు తోడేసింది. కూరకు ఆనపకాయ తరిగి పెట్టి మరీ వచ్చింది.

"ఇప్పుడు తేడా ఏమీ లేదు కదండి. మరి పంపించెయ్యండి."

"తేడా లేదమ్మా. అదే ఇబ్బంది." సోమయాజులు గొంతులో నిజంగానే బాధ ఉంది. "అరవై అంటే ఏమిటి ఇప్పుడు? తాతబ్బాయి, ఆ గుడ్డ, ఆ ఆకులు, అన్నీ కలిపి అరవై. ఆయన బయటికి వస్తే యాభై తొమ్మిదికి పడిపోతుంది. ఆ తర్వాత దేశంలో ఉన్న టర్బైన్లన్నీ ఎంత గ్యాసు తాగుతున్నాయో చెప్పగలిగేవాడు ఉండడు."

"తడి ఎక్కువైందని రానివ్వలేదు. ఇప్పుడు తక్కువవుతుందని రానివ్వరా?"

"సరిగ్గా చెప్పావు."

"మరి నా మనిషి ఇంటికి రాలేదు కదండి."

"రాలేదనడానికి లేదమ్మా. సాయంత్రానికి వస్తానన్నాడు. అక్కడ సాయంత్రం అవలేదు. ఆలస్యం కానివాణ్ణి రాలేదని ఎలా అంటాం?"

ఆమె ఆ వాదన ఎక్కడ తప్పిందో వెతుకుతూ నిలబడింది. ఎక్కడా తప్పలేదు. తన మనిషితో మాట్లాడనివ్వమని అడిగింది. అది నిబంధనలకు విరుద్ధం కాదు. కంట్రోల్ రూమ్ ఫోనులో ప్రతి గురువారం మాట్లాడుకోవచ్చని చెప్పారు.

మొదటి గురువారం ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. అవతల తాతబ్బాయి గొంతు దగ్గరగా, తీరిగ్గా ఉంది.

"ఏమే, అప్పుడే ఫోను చేశావు? ఇంకా తలుపు దాటి గంట కాలేదు."

"ఎలా ఉన్నారు?"

"హాయిగా ఉందే. చలీ కాదు, ఉక్కా కాదు. ఆకలి కూడా వేస్తున్నట్టూ వెయ్యనట్టూ ఉంది. మీటరు ఒకసారి చూశాను. గుడ్డ పట్టుకుని కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఏ గుడ్డ పెట్టావే ఇది, నీ పెళ్ళినాటి చీరలా ఉంది."

"అదేనండి. చిరిగిపోయిందని చింపాను."

"అందుకే పట్టుకుంటే వదలబుద్ధి కావడం లేదు. ఆకులు మాత్రం తాజాగా ఉన్నాయి, ఇప్పుడే కోసినట్టు. నువ్వు చుట్టిన చుట్టు అలాంటిది."

మాట ఆమె నోటిదాకా వచ్చింది. మీరు వెళ్ళి నెల దాటిందండి, అందామనుకుంది. ఆ మాట చెబితే ఆయన లేచి తలుపు కొడతాడు. తలుపు ఎవరూ తియ్యరు. ఇంకా కొట్టనివాడు, హాయిగా ఉందంటున్నవాడు, సాయంత్రానికి ఇంటికి వస్తానని కూర్చున్నవాడు. ఆయనకున్న ఆ పొద్దుటి పూటను కూడా తనే తీసేస్తే ఇంక ఏం మిగులుతుంది.

"పెరుగు తోడేశావా?" అని అడిగాడు ఆయన.

"తోడేశానండి."

"అవతల నూకరాజు ఉన్నాడా? చలి ముక్క తెస్తానన్నాను వాడికి. ఎంత ముక్క కావాలో మళ్ళీ అడుగు, నేను మరిచిపోతే తిడతాడు."

కిటికీలోంచి వడపోత గది తలుపు కనబడుతోంది. అక్కడ ఎవరూ లేరు. ఎండలో ఒక టోపీ, మేకుకు తగిలించి ఉంది.

"ఉన్నాడండి" అంది మంగాయమ్మ. "డ్యూటీలోనే ఉన్నాడు."

పక్కనే నిలబడి వింటున్న సోమయాజులు తల ఊపాడు. ఇంతమందికి నేర్పలేక అవస్థ పడిన దిద్దుబాటు ఆమెకు ఒక్క పూటలో పట్టుబడింది.

అప్పటి నుంచి ఆమె గురువారాలు మానలేదు. ఆయన ప్రతిసారీ ఇంకా తలుపు దాటి గంట కాలేదంటాడు. ఆమె అవునంటుంది. సోమయాజులు ఉద్యోగ విరమణ చేసి వెళ్ళిపోయాడు, ఆయన స్థానంలో ఇంకొకరు వచ్చారు. ఎండలు ఏటేటా పెరిగాయి, కేంద్రంలో మాత్రం పదిహేను దాటలేదు. ప్రతి రోహిణిలోనూ ఎవరో ఒకరు పడిపోతారు, మర్నాడు హాజరవుతారు. పద్ధతి బాగుందని జిల్లా వారు, ఆ పైవారు కూడా తీసుకున్నారు. ఒక ఏడు, ఆ ఎండాకాలంలో వడదెబ్బకు పోయినవాళ్ళు ఎవరూ లేరని పేపర్లో వచ్చిన రోజున పోలమ్మ ఆ పేపరులోనే నూకరాజు క్యారేజీ చుట్టి పంపింది. మంగాయమ్మకు నడుం వంగింది, చూపు తగ్గింది. ఫోనులో ఆమె గొంతు అంత ముసలిదైందేమని తాతబ్బాయి ఒకసారి అడిగాడు. పొద్దున్నే సంచి సర్దే హడావుడిలో గొంతు పట్టేసిందని చెప్పింది. అల్లం నమలమన్నాడు.

సాయంత్రాలు ఆమె స్వెట్టరు వేసుకుని అరుగు మీద కూర్చుంటుంది. లోపల కంచాలు రెండు పెట్టి ఉంటాయి. దారిన పోయేవాళ్ళు "ఆయన బావున్నారా పిన్నిగారూ?" అని అడుగుతారు. "బావున్నారు, వచ్చే వేళయింది" అంటుంది. వాళ్ళూ అంతే మామూలుగా తల ఊపి వెళ్ళిపోతారు, వాళ్ళ ఇళ్ళలోనూ అరుగుల మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు కాబట్టి.

నూకరాజు రోహిణి కార్తెలో ఒక మంగళవారం మధ్యాహ్నం, నలభై ఆరు డిగ్రీల ఎండలో పోయాడు. తాతబ్బాయి అంతకు ముందే, కృత్తిక కార్తెలో ఒక గురువారం పొద్దున వెళ్ళాడు. ఆ సాయంత్రం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.